మాటకు ప్రమాణమేది?

ఒక యింటిలో ఎవరికైనను జబ్బు చేసినదని తెలిసినచో, వైద్యుడు మందు వ్రాయుటకు ముందే ఇరుగుపొరుగువారు మందు చెప్పుదురు. అట్లు చెప్పుట వారి మంచితనము. చెప్పిన మాట ఎంతవరకు నిజమో విచారించుట మాత్రము వినువారి పని. ఆ విచారణ ఎట్లు చేయవలెనో ఒక చిన్న విషయమును తీసికొని తెలిసికొందము.

ఒక కుటుంబమును ఊహింపుడు. ఆ యింటి నాయనమ్మగారికి మధుమేహము, అనగా చక్కెరవ్యాధి, కలదు. వైద్యుడు బిళ్లలు వ్రాసి యిచ్చినాడు. ఉదయముననే ప్రక్కయింటి ఆమె వచ్చి, “పిన్నిగారూ, ఆ బిళ్లలెందుకండీ? రాత్రి చెంచాడు మెంతులు నానవేసి, పరగడుపున ఆ నీళ్లు త్రాగండి. మా అన్నయ్యకు నెల తిరుగకుండ చక్కెర దిగివచ్చినది” అని చెప్పినది. మధ్యాహ్నము పిల్లల మేనమామ వచ్చి, “అత్తయ్యగారూ, గోధుమతవుడు కలిపి రొట్టె చేయించుకొనండి. తవుడులో పీచున్నది. పీచు చక్కెరను పట్టివేయును” అనినాడు. సాయంకాలము మనుమడు బిస్కత్తుల పొట్లమొకటి తెచ్చి, “నాయనమ్మా, దీనిమీద ‘పీచు అధికము’ అని వ్రాసియున్నది చూడు. ఇవి నీవు తినవచ్చును” అని సంతోషించినాడు. ముగ్గురును ఆమె మేలు కోరినవారే. ఆమె ఎవరి మాట వినవలెను? బిళ్లలు మానవలెనా?

ఇది ఒక యింటి కథ మాత్రమే కాదు. మన దేశమున 2021లో పది కోట్లకు పైగా ప్రజలు మధుమేహము కలవారై యుందురని భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన వలన తేలినది. ఈ లెక్క 2023లో ప్రకటింపబడినది. రక్తములో చక్కెర హెచ్చుగా నుండుట వలన చాలకాలము నొప్పి గాని, బాధ గాని తెలియకపోవచ్చును. కాని ఏండ్ల తరబడి అట్లే యున్నచో కండ్లు, మూత్రపిండములు, నరములు, గుండె చెడిపోవును. కావున ఈ విషయమున తప్పుమాట నమ్మినవారికి నష్టము కలుగును. ఆ నష్టము వెంటనే కనబడదు. అట్లే నిజమైన మాటను “ఇదియు నొక చిట్కాయే” అని త్రోసివేసినను నష్టమే. అన్నిటిని నమ్ముటయు, దేనిని నమ్మకుండుటయు రెండును సులువైన పనులే. ఏది ఎంతవరకు నమ్మదగినదో తూచి చూచుట కొంచెము శ్రమతో కూడిన పని.

మొదట పీచు అననేమో చూతము. మనము తిను అన్నము, రొట్టె మొదలగువానిలో పిండిపదార్థము కలదు. అది చిన్నప్రేవులలో జీర్ణమై గ్లూకోసు అను చక్కెరగా మారి రక్తములో చేరును. అప్పుడు క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్ అను రసము వెలువడి, ఆ చక్కెరను శరీరకణములు వాడుకొనునట్లు చేయును. ఇన్సులిన్ లేకపోయినను, చాలినంత లేకపోయినను, ఉన్నది సరిగా పనిచేయకపోయినను చక్కెర రక్తములోనే నిలిచిపోవును. ఇదియే మధుమేహము.

ధాన్యపు పైపొరలలోను, పప్పులలోను, కూరలలోను, పండ్లలోను మన ప్రేవులు జీర్ణము చేసికొనలేని పదార్థములు కొన్ని కలవు. వానికే పీచుపదార్థమని పేరు. ఇది ఒక్కటే వస్తువు కాదని గుర్తుంచుకొనవలెను. గోధుమతవుడులోని పీచు చాలవరకు నీటిలో కరగదు. మెంతులలోని పీచులో కొంతభాగము నీటిలో నానినప్పుడు ఉబ్బి జిగురగును. రెండింటిని పీచనియే పిలిచినను రెండును ఒకే పని చేయునని ముందుగానే తలపరాదు.

పీచునకును మధుమేహమునకును సంబంధమున్నదను ఆలోచన బలపడుటకు తూర్పు ఆఫ్రికా దేశములు కారణమైనవి. హ్యూ ట్రోవెల్ అను ఆంగ్లవైద్యుడు 1929 మొదలు సుమారు ముప్పది సంవత్సరములు కెన్యా, ఉగాండా దేశములలో పనిచేసెను. డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు 1966 వరకు ఉగాండాలో నుండెను. తమ దేశములో నిత్యము కనబడు కొన్ని రోగములు అచ్చటి పల్లెవాసులలో మిక్కిలి అరుదుగా నుండుటను వీరు గమనించిరి. ఆ పల్లెవాసుల ఆహారములో పీచు హెచ్చు. ఆంగ్లేయులు తిను తెల్లరొట్టెలో పీచు తక్కువ. పీచు లోపించుట మధుమేహమునకు ఒక కారణము కావచ్చునని ట్రోవెల్ 1975లో ప్రతిపాదించెను.

ఈ ప్రతిపాదన తెలివైనదే. కాని దీనినే ప్రమాణముగా తీసికొనవచ్చునా? ఉగాండా పల్లెవాసికిని లండను నగరవాసికిని గల భేదము పీచొక్కటియేనా? పల్లెవాసి రోజంతయు పొలములో కష్టపడును, మైళ్ల దూరము నడచును, చక్కెరయు, కొవ్వును తక్కువగా తినును, సన్నగా నుండును. వైద్యశాల దూరముగా నున్నందున అతనికి జబ్బున్నను ఎవరును పరీక్షించి చూడకపోవచ్చును. ఇన్ని భేదములలో ఒక్క పీచును మాత్రము ఎత్తి చూపుట ఎట్లు?

ట్రోవెల్ మఱియొక సాక్ష్యమును కూడ చూపెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో ధాన్యమును పొదుపు చేయుటకై 1942లో తెల్లపిండి మాన్పించి, పైపొర కొంత మిగిలిన ముతకపిండినే అందఱును వాడునట్లు శాసించిరి. ఆ కాలమున ఇంగ్లండు, వేల్సులలో మధుమేహ మరణములు తగ్గెను. ముతకపిండిలోని పీచే దీనికి కారణమని అతడు తలచెను. కాని ఆ దినములలోనే చక్కెరకును, వెన్నకును, మాంసమునకును కూడ రేషను పెట్టబడియుండెను. పెట్రోలు దొరకక జనులు కాలినడకన పోవుచుండిరి. ఆ తగ్గుదలకు చక్కెర తగ్గుటయే హేతువని కొందఱును, కొవ్వు తగ్గుటయే హేతువని మఱికొందఱును వాదించిరి. ఒకే సంగతి ముగ్గురు వాదులకు సాక్ష్యమిచ్చుచున్నచో, అది ఎవరి పక్షమునను తీర్పు చెప్పుటకు చాలదు.

మన పెద్దలు దీనికొక చక్కని పేరు పెట్టిరి. కాకి వచ్చి తాటిచెట్టు మీద వ్రాలినది. అదే క్షణమున తాటిపండు రాలినది. కాకి వ్రాలుట చేతనే పండు రాలెనని చెప్పుట తొందరపాటగును. దీనినే కాకతాళీయ న్యాయమందురు. రెండు సంగతులు కలసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కానక్కఱలేదు. ప్రక్కయింటి ఆమె అన్నగారి సంగతియు నిట్టిదే. ఆయన మెంతినీరు త్రాగిన నెలలోనే మిఠాయిలు మానియుండవచ్చును; ప్రొద్దుటపూట నడక మొదలుపెట్టి యుండవచ్చును; వైద్యుడిచ్చిన మందు కూడ వాడుచు నుండవచ్చును. అంతేకాక, రక్తములోని చక్కెర రోజునకొక తీరుగా హెచ్చుచు తగ్గుచు నుండును. మిక్కిలి హెచ్చుగా నున్న దినమున భయపడి చిట్కా మొదలుపెట్టినవారికి, కొన్ని దినములకు అది తనంతట తానే కొంత తగ్గి కనబడవచ్చును.

మఱి నిజము తెలిసికొనుట ఎట్లు? తక్కిన వన్నియు సమానముగా నుంచి, ఒక్కదానిని మాత్రము మార్చి చూడవలెను. శాస్త్రప్రయోగమునకు ప్రాణమిదియే.

డేవిడ్ జెంకిన్స్ అను వైద్యశాస్త్రజ్ఞుడును, అతని సహచరులును 1978లో ఇట్టి ప్రయోగమొకటి ప్రకటించిరి. స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన వారికి 50 గ్రాముల గ్లూకోసు త్రాగించి, రక్తములోని చక్కెర ఎంత పెరుగునో కొలిచిరి. మఱియొక దినమున ఆ గ్లూకోసులోనే 12 గ్రాముల పీచు కలిపి యిచ్చి మరల కొలిచిరి. ఒక్కొక్క జాతి పీచును నలుగురు మొదలు ఆరుగురు వరకు గల చిన్న గుంపులతో పరీక్షించిరి. వారు వాడిన పీచులలో గోధుమతవుడు ఒకటి. గోరుచిక్కుడు గింజల నుండి తీసిన జిగురుపొడి యొకటి. మన పెరళ్లలో కాయు గోరుచిక్కుడే అది. రాజస్థానమున దీనిని గింజకొఱకై విస్తారముగా సాగు చేయుదురు.

ఫలితమేమి? అన్నిటికంటె ఎక్కువగా చక్కెర పెరుగుదలను అణచినది గోరుచిక్కుడు జిగురు. నీటిలో ఎంత ఎక్కువగా జిగట కట్టునో ఆ పీచు అంత బాగుగా పనిచేసినట్లు కనబడెను. అంతటితో వారు తృప్తి చెందలేదు. ఆ జిగురు యొక్క అణువులను రసాయనక్రియచే ముక్కలు చేసి, జిగట పోవునట్లు చేసి, ఆ పొడిని మరల గ్లూకోసుతో ఇచ్చిరి. వస్తువదియే, జిగట మాత్రము లేదు. అప్పుడు దాని గుణమంతయు మాయమయ్యెను! చక్కెరను అణచునది పీచను పేరు కాదనియు, దాని జిగటయే యనియు దీనివలన తేటపడినది. ప్రేవులలోని ఆహారము చిక్కని గంజివలె నగుటచే గ్లూకోసు రక్తములో మెల్లమెల్లగా చేరును. పోలిక సరిగా చేసినచో నలుగురైదుగురితో చేసిన ప్రయోగమైనను ఎంత సంగతి తెలుపగలదో చూడుడు.

అయినను ఈ ప్రయోగము చెప్పనివి కూడ కలవు. అది కొన్ని గంటల ముచ్చట. గ్లూకోసునీటిలో కలిపిన జిగురుపొడి సంగతి. ముదిరిన గింజ నుండి తీసిన పొడి వేఱు. మనము కూర వండుకొను లేతకాయ వేఱు. “గోరుచిక్కుడు కూర తిన్నచో మధుమేహము కుదురును” అని ఈ ప్రయోగమును చూపి యెవరైన చెప్పినచో, వారు ప్రయోగము చెప్పినదానికంటె ఎక్కువ చెప్పుచున్నారన్నమాట.

ఇక మేనమామగారి గోధుమతవుడు సంగతి చూతము. ఇచ్చట ఒక చిక్కు కలదు. అమెరికాలో 65,173 మంది నర్సులను ఆరు సంవత్సరములపాటు గమనించి, ఆ ఫలితములను 1997లో ప్రకటించిరి. ఆ కాలములో 915 మందికి మధుమేహము వచ్చెను. ధాన్యముల నుండి వచ్చు పీచును హెచ్చుగా తినువారిలో ఈ వ్యాధి తక్కువగా కనబడెను. వయస్సు, బరువు, పొగత్రాగుట, వ్యాయామము మొదలగు భేదములను కూడ పరిశోధకులు లెక్కలోనికి తీసికొనిరి. ఇది ఉగాండా పరిశీలనకంటె బలమైన సాక్ష్యమే.

కాని 2002లో జెంకిన్స్, అతని సహచరులు కెనడాలో చేసిన ప్రయోగము వేఱు మాట చెప్పినది. మధుమేహము కలిగిన 23 మందికి మూడు నెలలపాటు తవుడు నిండిన రొట్టెలు మొదలగువానిని ఇచ్చిరి. వీనివలన రోజుకు 19 గ్రాముల పీచు అదనముగా చేరెను. మఱియొక మూడు నెలలు తక్కువ పీచుగల ఆహారము నిచ్చిరి. రెండు కాలములను పోల్చి చూడగా రక్తములోని చక్కెర అదుపులో చెప్పదగిన భేదము కనబడలేదు.

వీనిలో నొకటి అబద్ధమా? అట్లు తొందరపడి చెప్పరాదు. రెండు పరిశోధనలును అడిగిన ప్రశ్నలే వేఱు. మొదటిది, ఆరోగ్యవంతులకు ముందు ముందు మధుమేహము వచ్చునా, రాదా యని ఆరేండ్లు చూచినది. రెండవది, ఇదివఱకే వ్యాధి వచ్చినవారికి మూడు నెలలలో చక్కెర తగ్గునా యని చూచినది. అదియునుగాక, ముతకధాన్యము తినువారికి ఆరోగ్యమునందు శ్రద్ధ హెచ్చు. అట్టి వారి మంచి అలవాట్లన్నిటిని లెక్కకట్టుట ఎంత నేర్పరికైనను కష్టము. కావున మనము చెప్పదగిన దిది: ధాన్యపు పీచు తినుట వలన వ్యాధి రాకుండుటకు సహాయము కలుగవచ్చును, కాని వ్యాధి వచ్చినవారికి గోధుమతవుడు చేర్చినంతనే చక్కెర దిగివచ్చునని చెప్పుటకు ఆ ప్రయోగము ఆధారమియ్యలేదు. మేనమామగారు “పీచు చక్కెరను పట్టివేయును” అని నాయనమ్మగారితో చెప్పినది రెండవ సంగతినిగూర్చి.

అట్లయినచో వ్యాధి కలవారికి పీచు వలన ప్రయోజనము లేదా? ఉన్నదని చూపిన మంచి ప్రయోగమొకటి 2000 సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడినది. మధుమేహము గల 13 మందికి రెండు విధములైన భోజనములను ఒక్కొక్కటి ఆరు వారములపాటు పెట్టిరి. ఎవరికి ఏ భోజనము ముందు పెట్టవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. వంట పరిశోధనశాల వారే చేయించిరి. ఒక భోజనములో రోజుకు 24 గ్రాముల పీచు. రెండవదానిలో 50 గ్రాములు. తక్కిన పోషకములును, శక్తియు రెండింటను సమానము. పీచు కొఱకు పొడులు కలుపక, నారింజ, బొప్పాయి, బెండకాయ, చిలగడదుంప, ఓట్లు మొదలగు సహజాహారములనే వాడిరి. హెచ్చు పీచుగల భోజనము చేసిన కాలములో, రోజంతటి చక్కెర లెక్క సుమారు నూటికి పది వంతులు తక్కువగా నుండెను.

ఇందు మెచ్చదగిన సంగతి యేమనగా, ఒక్కొక్క రోగి తనకు తానే పోలిక. రెండు భోజనములను ఆ మనుష్యుడే తినినాడు గనుక, వంశము, వయస్సు, స్వభావము మొదలగు భేదములకు తావు లేదు. దీని లోపములను కూడ చెప్పుకొనవలెను. వారు 13 మందియే. కాలము ఆరు వారములే. ఎవరో కొలిచి వండిపెట్టిన భోజనము. మన యిండ్లలో రోజుకు 50 గ్రాముల పీచు తినుట అంత సులభము కాదు.

ఇప్పుడు మెంతుల సంగతి. ఇది మన హైదరాబాదు కథయే. అచ్చటి జాతీయ పోషకాహార సంస్థలో మెంతులపై పలు ప్రయోగములు జరిగినవి. వానిలో నొకటి 1990లో ప్రకటింపబడినది. ఇన్సులిన్ తప్పనిసరియైన మొదటి రకపు మధుమేహ రోగులకు మెంతిపొడి చేర్చిన ఆహారమును పది దినములు, చేర్చని ఆహారమును పది దినములు ఇచ్చి పోల్చిరి. మెంతులు తినిన కాలములో పరగడుపు చక్కెర తగ్గెను. ఒక దినమంతటిలో మూత్రమున పోవు చక్కెర నూటికి 54 వంతులు తగ్గెను. మెంతిజిగురును, గోరుచిక్కుడు జిగురును రసాయనశాస్త్రము ప్రకారము ఒకే జాతివి. కావున జెంకిన్స్ ప్రయోగమునకు ఈ ఫలితము చక్కగా సరిపడుచున్నది.

“చూచితిరా! ప్రక్కయింటి ఆమె చెప్పినది నిజమే!” అని మీరనవచ్చును. ఆ ప్రయోగమున వాడిన మెంతుల కొలత ఎంతయో తెలియునా? రోజుకు 100 గ్రాములు! నూనె తీసివేసిన మెంతిపొడిని రెండు భాగములు చేసి రెండుపూటల నిచ్చిరి. చెంచాడు మెంతులు నాలుగైదు గ్రాములకు మించవు. అందును గింజను పాఱవేసి నానిన నీటిని మాత్రము త్రాగువారికి పీచు చాలవరకు గింజలోనే మిగిలిపోవును. అనగా ప్రయోగము ఒక కొలతను గూర్చి మాటలాడుచున్నది. చిట్కా మఱియొక కొలతను గూర్చి మాటలాడుచున్నది. రెండింటికిని పేరొక్కటియే. ఆరోగ్యవిషయములలో మనలను ఎక్కువగా మోసగించునది పచ్చి అబద్ధము కాదు. ఇట్లు కొలత తప్పిన నిజము.

మఱియొక సంగతి మఱువరాదు. ఆ రోగులు ఇన్సులిన్ వాడుకొను రోగులు. మెంతులు ఇన్సులిన్‌కు బదులని ఆ పరిశోధన చెప్పలేదు. మొదటి రకపు మధుమేహము కలవారు ఇన్సులిన్ మానినచో కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడుటకు ముందు ఆ రోగులకు బ్రతుకుదారి లేకుండెను. ఒక చిట్కాను నమ్మి మందు మానుట అనగా ఆ కాలమునకు తిరిగి పోవుటయే.

ఒకొక్క పరిశోధన ఒక సాక్షి వంటిది. న్యాయాధిపతి ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పడు గదా! అందఱ సాక్ష్యములను ఒకచోట చేర్చి తూచుట కూడ ఒక శాస్త్రమైనది. 2019లో న్యూజిలాండు పరిశోధకులు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై, ఇట్టి సమీక్షనొకదానిని ప్రకటించిరి. జనులను ఏండ్ల తరబడి గమనించిన 185 పరిశీలనలను, 4,635 మందితో చేసిన 58 ప్రయోగములను వారు పరిశీలించిరి. పీచును హెచ్చుగా తినువారిలో, తక్కువగా తినువారికంటె, గుండెజబ్బులు, రెండవ రకపు మధుమేహము మొదలగునవి నూటికి 15 మొదలు 30 వంతుల వరకు తక్కువగా నున్నవి. రోజుకు 25 మొదలు 29 గ్రాముల పీచు తినువారిలో మేలు బాగుగా కనబడినది. అయినను తమ ప్రమాణముల బలము మధ్యరకమైనదని వారే స్పష్టముగా వ్రాసిరి. తన బలహీనతను తానే చెప్పుకొను సాక్షిని మనము మఱికొంత ఎక్కువగా నమ్మవచ్చును.

ఆ పరిశోధకులలో కొందఱు 2020లో మధుమేహము కలవారితోను, దాని అంచున నున్నవారితోను చేసిన 42 ప్రయోగములను సమీక్షించిరి. వానిలో పాల్గొన్నవారు 1,789 మంది. రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బీఏ వన్‌సీ అను రక్తపరీక్ష కలదు. మధుమేహము కలవారికి అది 6.5, అంతకు పైగా నుండును. హెచ్చు పీచు తినుటచే ఆ సంఖ్య సగటున సుమారు 0.2 తగ్గినది. మేలు నిజమే, కాని చిన్నది. బిళ్లలను, నడకను త్రోసివేయగల మేలు కాదు. వానికి తోడుగా నిలువగల మేలు.

“నూటికి 20 వంతులు తక్కువ” అని విన్నప్పుడు, దేనిలో 20 వంతులో అడుగవలెను. ఒక యూరిలో నూరుమందిలో పదిమందికి వ్యాధి వచ్చుననుకొందము. నూటికి 20 వంతులు తగ్గినచో ఎనిమిదిమందికి వచ్చును. అనగా నూరుమంది ఆహారము మార్చుకొనగా ఇద్దరు తప్పించుకొనిరన్నమాట. ఆ యిద్దరికి అది గొప్ప భాగ్యమే. కాని తినినవారందఱును తప్పించుకొందురని దాని భావము కాదు.

ఇక మనుమడు తెచ్చిన బిస్కత్తులు. మన దేశమున 2018లో వచ్చిన నిబంధనల ప్రకారము, 100 గ్రాముల ఘనాహారములో 6 గ్రాముల పీచున్నచో పొట్లముపై “పీచు అధికము” అని వ్రాసికొనవచ్చును. ఒక బిస్కత్తు పది గ్రాముల బరువుండునని లెక్కవేయుడు. అప్పుడు దానిలోని పీచు 0.6 గ్రాము. రోజునకు 25 గ్రాముల పీచు కావలెనన్నచో అట్టి బిస్కత్తులు నలుబదికి పైగా తినవలెను! వానిలోని మైదా, చక్కెర, నూనె కూడ కడుపులోనికి పోవును. పొట్లము మీది మాట అబద్ధము కాదు. అది పీచు ఉన్నదని మాత్రమే చెప్పినది. రక్తములోని చక్కెర తగ్గునని చెప్పలేదు. ఆ రెండవ మాటను మనమే చేర్చి చదివికొంటిమి.

బాలబాలికలారా! ఇంతవరకు చూచిన దానినుండి కొన్ని ప్రశ్నలు మన చేతికి వచ్చినవి. ఆరోగ్యమును గూర్చి యెవరే మాట చెప్పినను ఈ ప్రశ్నలు వేయుడు. మొదటిది, దేనితో పోల్చి చెప్పుచున్నారు? పోలిక లేని మాటకు తూనిక లేదు. రెండవది, ఎవరిలో చూచిరి, ఎందఱిలో చూచిరి? ఆరోగ్యవంతులకు చెల్లినది రోగులకు చెల్లకపోవచ్చును. మూడవది, ఎంత కొలత, ఎంతకాలము? చెంచాడును నూరు గ్రాములును ఒకటి కావు. నాలుగవది, ఏమి కొలిచిరి? రెండు గంటల చక్కెర యొకటి, పదేండ్ల ఆరోగ్యము మఱియొకటి. ఐదవది, మేలు ఎంత పెద్దది? ఆరవది, ఇతరులు మరల చేసి చూచినప్పుడును అట్లే కనబడినదా? చెప్పువారు ఆ వస్తువును అమ్ముకొనువారైనచో ఈ ప్రశ్నలన్నిటిని రెండుమార్లు అడుగుడు.

ఇప్పుడు ఆ యింటికి తిరిగి పోదము. నాయనమ్మగారు బిళ్లలు మానరాదు. పప్పులు, కూరలు, పండ్లు, పైపొర తీయని ధాన్యములు తన భోజనములో కొంచెము కొంచెముగా హెచ్చించుకొనుట మంచిది. ఒక్కసారిగా హెచ్చించినచో కడుపు ఉబ్బరించును; నీరు కూడ చాలినంత త్రాగవలెను. మెంతులనిన ఇష్టమున్నచో కూరలో వేసికొనవచ్చును. మందువలె పెద్ద కొలతలో తినదలచినచో ముందు వైద్యునితో చెప్పవలెను. మందును, మెంతులును రెండును కలసి చక్కెరను మితిమించి తగ్గించుటకు అవకాశము కలదు. చక్కెర తగ్గినదో లేదో పరీక్ష చేయించుకొని చూడవలెను గాని, ఒంటికి హాయిగా నున్నదని నిశ్చయించుకొనరాదు.

ప్రక్కయింటి ఆమెపై కోపగించుకొనవలసిన పని లేదు. ఆమె చెప్పిన మాటలో ఒక నిజపు గింజ కలదు. దానిని కొలిచి చూచువారే ఆమెకు దొరకలేదు. మరల ఆమె వచ్చినప్పుడు మనుమడు కూర్చుండబెట్టి, “అత్తయ్యగారూ, మీ అన్నగారు రోజుకెన్ని మెంతులు తినిరి? అప్పుడు మందు కూడ వాడిరా? నడక మొదలుపెట్టిరా?” అని మర్యాదగా అడుగవచ్చును. ఆమెకు సమాధానము తెలిసినచో ఇద్దరును కొంత నేర్చుకొందురు. తెలియనిచో ఇద్దరును తెలిసికొనుటకు మొదలుపెట్టుదురు. నిజము నిలకడమీద తేలునని మన సామెత. ఆ నిలకడ లేక నాయనమ్మగారు ఆ నెలలోనే బిళ్లలు మానివేసియుండినచో, ఆ నష్టము తేలుటకు ఏండ్లు పట్టెడిది.